గాజుపోగు మీద నడచిన బొమ్మ – జాన్ లోగీ బెయిర్డ్ జీవిత కథ



మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గూర్చి వ్రాయవలసిందిగా కార్యదర్శి గారు కోరినప్పుడు నాకు మొదట తోచిన పేర్లు మీ అందరికీ తోచేవే. వారి మీద మన సంచికల్లో ఇదివరకే మంచి వ్యాసాలు వచ్చాయి. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు నడిపి రిటైరైన గుమస్తాను నేను. ఒక శాస్త్రజ్ఞుని గూర్చి వ్రాసే చదువు నాకు లేదు. అయినా క్రిందటి సర్వసభ్య సమావేశంలో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను ఈ మనిషి దగ్గరకు తీసుకుపోయింది. ముందు ఆ సంగతి చెప్పి తర్వాత ఆయన జీవితంలోకి వస్తాను.

సమావేశం నాటి సంగతి

మన హాలు మేడ మీద ఉన్నదని మీకు తెలుసు. లిఫ్టు లేదు. మెట్లు ఇరవై రెండు. మోకాళ్ళ నొప్పులవారు, గుండె ఆపరేషను అయినవారు ఆ మెట్లు తలచుకొని ఇంటి దగ్గరే ఉండిపోతున్నారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు నోటు వ్రాయడం నేర్పిన సూపరింటెండెంటు గారు ఒకరున్నారు. ఇప్పుడు ఎనభై ఆరేళ్ళు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనం తప్పినప్పటి నుండి మూడేళ్ళుగా ఆయన సమావేశానికి రాలేదు.

ఈసారి కమిటీవారు మేడ మీద కెమెరా పెట్టి, సభను క్రింది గదిలో పెద్ద టీవీలో చూపించే ఏర్పాటు చేశారు. వరండా చుట్టూ తిరిగి క్రిందికి దిగేసరికి తీగ పొడవు ఎనభై మీటర్లు దాటింది. కెమెరాను టీవీకి కలిపే మామూలు తీగ పది పదిహేను మీటర్లు దాటితే స్పష్టమైన బొమ్మను మోయలేదట. అందుకని ఫైబరు వేశారు. కెమెరా దగ్గర ట్రాన్స్‌మిటరు అనే చిన్న పెట్టె, టీవీ దగ్గర రిసీవరు అనే మరొక చిన్న పెట్టె, మధ్యన వెంట్రుకంత సన్నని గాజుపోగు. పంచదార డబ్బా పట్టే చోట రెండు పెట్టెలూ పడతాయి.

పదిగంటలకు సభ మొదలు కావలసి ఉండగా పదింపావు దాటినా క్రింది టీవీ నల్లగానే ఉంది. ఏర్పాటు చేసిన కుర్రాళ్ళు పైకీ క్రిందికీ పరుగులు పెట్టారు. తీరా చూస్తే, రెండు పెట్టెలూ ఒకే తీరున ఉండడంతో పంపవలసినది టీవీ దగ్గరకూ, అందుకోవలసినది కెమెరా దగ్గరకూ చేరాయి. డిస్పాచి గుమస్తా ఇన్‌వర్డు సీటులో కూర్చున్నట్లయింది. వాటిని మార్చిన తర్వాత కూడా బొమ్మ వచ్చి పోతూ ఉంది. గడప దగ్గర తీగను తలుపు సందులో మడిచి నొక్కిపెట్టారు. గాజుపోగు గుండ్రంగా తిరిగితే వెలుతురు దానితోపాటే తిరుగుతుంది గాని, మడత పడితే ఆ మలుపులో బయటికి జారిపోతుంది. మడత విప్పి తీగను వదులుగా చుట్ట తిప్పేసరికి మేడ మీది హాలంతా క్రింది గదిలో ప్రత్యక్షమైంది. వేదిక మీది బ్యానరు అక్షరాలే కాదు, అధ్యక్షులవారి చేతిలోని కాగితం మీద సంతకం కూడా కనిపించింది.

చక్రాల కుర్చీలో కూర్చున్న సూపరింటెండెంటు గారు కాసేపు రెప్ప వేయకుండా చూశారు. తర్వాత నన్ను దగ్గరకు పిలిచి, బొమ్మను ఇలా ఒక చోటి నుండి మరో చోటికి పంపవచ్చునని మొదట అనుకున్నది ఎవరోయ్ అని అడిగారు. నాకు తెలియదు. తెలుసుకొని వచ్చి చెబుతానన్నాను. ఆయన దగ్గర తెలియదని చెప్పి ఊరుకోవడం మా సెక్షనులో ఎప్పుడూ చెల్లలేదు. మనుమరాలి సాయంతో చదివి తెలుసుకొన్నదే ఇప్పుడు మీ ముందు ఉంచుతున్నాను.

బాల్యము, చదువు

జాన్ లోగీ బెయిర్డ్ 1888 ఆగస్టు 13న స్కాట్లండులో క్లైడ్ నది సముద్రంలో కలిసే తీరాన ఉన్న హెలెన్స్‌బరో అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి చర్చిలో మతాచార్యుడు. తల్లి గ్లాస్గో నగరంలో ఓడలు కట్టే కుటుంబంలో పుట్టి చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొన్న మనిషి. నలుగురు పిల్లల్లో జాన్ ఆఖరివాడు. పసితనంలో వచ్చిన జబ్బు వలన జీవితాంతం బలహీనంగానే ఉన్నాడు. చలికాలం వస్తే మంచం ఎక్కవలసిందే.

ఒంట్లో బలం లేకపోయినా బుర్ర ఊరుకొనేది కాదు. బడి ఈడులోనే తన ఇంటి నుండి వీధి అవతలి స్నేహితుల ఇళ్ళకు తీగలు లాగి సొంత టెలిఫోను ఎక్స్ఛేంజి నడిపాడు. ఒక గాలివాన రాత్రి ఆ తీగ క్రిందికి వేలాడి గుర్రపు బండివాణ్ణి పడదోసిందట. దానితో ఆ ఎక్స్ఛేంజి మూతపడింది. ఆ తర్వాత చిన్న డైనమో పెట్టి ఇంటికి విద్యుద్దీపాలు అమర్చాడు.

గ్లాస్గోలో సాంకేతిక కళాశాలలో చదివి 1914లో డిప్లొమా పొందాడు. తరువాతి రోజుల్లో బి.బి.సి.కి పెద్ద అయిన జాన్ రీత్ కూడా ఆ కళాశాల విద్యార్థే. ఆ పైన బెయిర్డ్ గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరాడు గాని మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పట్టా చేతికి రాలేదు. సైన్యంలో చేరబోతే ఆరోగ్యం చాలదని తిప్పి పంపారు. ఒక విద్యుత్ కంపెనీలో సహాయ ఇంజనీరుగా చేరాడు. బొగ్గు నుండి వజ్రం చేయాలని అక్కడి కరెంటును ఒక్కసారిగా బొగ్గు కడ్డీ గుండా పంపి ఆ ప్రాంతానికంతకూ దీపాలు ఆర్పేశాడని చెబుతారు. అటువంటివాడు ఉద్యోగంలో ఎంతకాలం ఉంటాడో మనకు తెలియనిది కాదు.

మేజోళ్ళు, జాము, సబ్బు

ఉద్యోగం వదిలి వ్యాపారంలోకి దిగాడు. పాదాలు చల్లబడకుండా మేజోళ్ళ లోపల వేసుకొనే మరో మేజోడు తయారుచేసి అమ్మితే లాభం వచ్చింది. ఆ డబ్బుతో 1919లో వెస్టిండీసులోని ట్రినిడాడు దీవికి పోయి, అక్కడి పండ్లతో జాము తయారుచేయబోయాడు. పాకం వాసనకు చీమలు, పురుగులు దండెత్తి వచ్చాయి. జాము వాటి పాలైంది, ఆయనకు జ్వరాలు మిగిలాయి. లండను తిరిగి వచ్చి తేనె అమ్మాడు, ఎరువు అమ్మాడు, చవక సబ్బు అమ్మాడు. ప్రతిదీ కాస్త నిలదొక్కుకొనేలోగా ఆరోగ్యం చెడి దుకాణం మూయవలసి వచ్చేది.

1923 మొదట్లో గాలి మార్పు కోసం ఇంగ్లండు దక్షిణ తీరంలోని హేస్టింగ్స్‌కు చేరాడు. అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. ఉద్యోగం లేదు, పెళ్ళి లేదు, చేతిలో ఉన్నది స్వల్పం. అక్కడ కూడా తుప్పు పట్టని గాజు క్షౌరకత్తి చేయబోయి గడ్డం కోసుకొన్నాడు. నడక సుఖంగా ఉండాలని బూట్లలో గాలి తిత్తులు పెట్టుకొని నడిస్తే అవి వీధిలోనే పేలాయి. ఇక మిగిలింది ఒక్క ఆలోచన. శబ్దాన్ని తీగ మీద పంపగలిగినప్పుడు బొమ్మను ఎందుకు పంపలేము అన్నదే అది.

బొమ్మ ప్రయాణం చేసే తీరు

ఇక్కడ కొంచెం ఆగి ఆ విద్య ఎలాంటిదో చెప్పుకొందాం. నాకు అర్థమైనది మన ఆఫీసు భాషలోనే చెబుతాను.

పూర్వం ఒకరు డ్రాఫ్టు చదువుతుంటే మరొకరు టైపు చేసేవారు. చదివేవాడు కాగితమంతా ఒక్కసారి చదవలేడు. ఒక్కొక్క పంక్తి, ఒక్కొక్క మాట చదువుతాడు. టైపు చేసేవాడు అదే వరసలో అవతలి కాగితం మీద పరుస్తాడు. ఇద్దరి వేగం కుదరాలి. టెలివిజను కూడా అంతే. బొమ్మను పంక్తులుగా, పంక్తిని చుక్కలుగా విడగొట్టి ఒక్కొక్క చుక్కలో ఎంత వెలుతురు ఉన్నదో వరసగా చెబుతుంది పంపే యంత్రం. అందుకొనే యంత్రం అదే వరసలో అంతంత వెలుతురు తెర మీద పరుస్తుంది. ఇదంతా కన్ను పసిగట్టలేనంత త్వరగా జరగాలి.

ఇలా విడగొట్టే ఉపాయాన్ని 1884లోనే పాల్ నిప్కో అనే జర్మన్ విద్యార్థి పేటెంటు చేశాడు. ఒక పళ్ళెంలో చుట్టలాగా వరసగా చిల్లులు పెట్టి తిప్పితే ఒక్కొక్క చిల్లు బొమ్మలో ఒక్కొక్క గీతను చూస్తుంది. అయితే అది కాగితం మీదనే ఉండిపోయింది. దాన్ని తిప్పి, మనిషి ముఖాన్ని పంపి చూపించింది బెయిర్డ్.

ఆయన సామగ్రి చూస్తే నవ్వు వస్తుంది. పాత టీపెట్టె ఒకటి, టోపీ డబ్బా అట్టతో చేసిన పళ్ళెం, సైకిలు దీపాల అద్దాలు, బట్టలు కుట్టే సూదులు, వీటన్నిటినీ పట్టి ఉంచడానికి లక్క, జిగురు, దారం. 1924 ఆరంభానికి ఒక శిలువ ఆకారపు నీడను కొద్ది అడుగుల దూరం పంపగలిగాడు. ఆ వేసవిలో సుమారు వెయ్యి వోల్టుల కరెంటు తగిలి చేతులు కాలి ఎగిరి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని ఇంటి యజమాని గది ఖాళీ చేయమన్నాడు.

మేడ గదిలో బొమ్మ

లండనులో సోహో అనే పేటలో, ఫ్రిత్ స్ట్రీట్ 22వ నంబరు ఇంటి పై అంతస్తులో అటక గది అద్దెకు తీసుకొన్నాడు. 1925 మార్చిలో సెల్‌ఫ్రిడ్జ్ అనే పెద్ద దుకాణంలో మూడు వారాలు తన యంత్రాన్ని జనానికి చూపించి నాలుగు డబ్బులు సంపాదించుకొన్నాడు. అప్పటికి కనిపించేవి నీడల్లాంటి ఆకారాలే.

ఆయన యంత్రానికి కావలసిన దీపాల వేడి మనిషి ఓర్చుకోలేనిది. అందుకని మాటలాడే బొమ్మ తల ఒకటి పెట్టుకొన్నాడు. దాని పేరు స్టూకీ బిల్. 1925 అక్టోబరు 2న ఆ తల మొదటిసారిగా వెలుగు నీడల తేడాలతో అవతలి తెర మీద కనిపించింది. బెయిర్డ్ మెట్లు దిగి పరుగెత్తి, క్రింది ఆఫీసులో పనిచేసే టేంటన్ అనే ఇరవై ఏళ్ళ కుర్రవాణ్ణి లాక్కువచ్చి దీపాల ముందు కూర్చోబెట్టాడు. అవతలి గదికి పోయి చూస్తే తెర ఖాళీ. దీపాల వేడికి కుర్రవాడు వెనక్కు జరిగిపోయాడు. చేతిలో రెండున్నర షిల్లింగులు పెట్టి బ్రతిమాలిన తర్వాత అతడు ముందుకు వచ్చాడు, ముఖం కనిపించింది. టెలివిజనులో కనిపించిన మొదటి మనుషుల్లో ఒకడు ఒక ఆఫీసు కుర్రవాడు. మన కోవకు చెందినవాడే కావడం నాకు సంతోషం కలిగించింది.

1926 జనవరి 26న రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభ్యులు నలభై మంది వరకు ఆ ఇరుకు మెట్లు ఎక్కి వచ్చి చూశారు. అసలు టెలివిజను అనదగినది లోకానికి మొదట చూపించిన రోజుగా దానినే ఎక్కువమంది లెక్కిస్తారు.

ఆ ఏడాది అక్టోబరులో ఆయన మరొక పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. సన్నని గాజు కడ్డీలో గొట్టాలో కట్టగా కట్టి, ఒక్కొక్క దాని గుండా బొమ్మలోని ఒక్కొక్క చుక్క వెలుతురును పంపే ఉపాయం అది. ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకం ప్రక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను. బొమ్మను పంక్తులుగా విడగొట్టి పంపడం, బొమ్మను గాజు గుండా పంపడం, రెండూ ఒకే ఏడాది ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. కాని వాటిని కలపడానికి అప్పుడు వీలు లేదు. ఆనాటి గాజులో మలినాలు ఎక్కువ. కొద్ది మీటర్లు పోయేసరికి వెలుతురు ఇంకిపోయేది. దానిలోకి పంపడానికి తగిన సన్నని గట్టి వెలుతురు, అంటే లేసరు, 1960 వరకు పుట్టనే లేదు.

దూరాలు దాటిన బొమ్మ

తర్వాతి మూడు నాలుగేళ్ళు ఆయనకు మంచి రోజులు. 1927 మేలో లండను నుండి గ్లాస్గోకు, 438 మైళ్ళ దూరం, మామూలు టెలిఫోను తీగ మీద బొమ్మను పంపాడు. 1928 ఫిబ్రవరిలో రేడియో తరంగాల మీద అట్లాంటిక్ సముద్రం దాటించి న్యూయార్కు దగ్గర చూపించాడు. ఆ జూలైలో రంగుల బొమ్మను చూపించాడు. మన దేశంలో రంగుల టీవీ 1982లో కదా వచ్చింది!

1929 సెప్టెంబరు 30 నుండి బి.బి.సి. ట్రాన్స్‌మిటరు ద్వారా ఆయన ప్రసారాలు మొదలైనాయి. మొదట్లో ఒక్కటే ట్రాన్స్‌మిటరు దొరకడంతో ముందు బొమ్మ, తర్వాత మాట వంతులవారీగా పంపేవారు. రెండూ కలిసి వెళ్ళడానికి మరుసటి ఏడాది మార్చి నెలాఖరు దాకా ఆగవలసి వచ్చింది. 1931లో న్యూయార్కుకు పోయినప్పుడు పియానో కళాకారిణి మార్గరెట్ ఆల్బూను పెళ్ళి చేసుకొన్నాడు. ఒక కూతురు, ఒక కొడుకు కలిగారు.

అయితే ఆ బొమ్మలో ఉన్నవి ముప్పై గీతలే. సెకనుకు పన్నెండున్నర బొమ్మలు. తెర పోస్టుకార్డు కంటే పెద్దది కాదు. ముఖం గుర్తు పట్టవచ్చు, గుంపును చూపలేము. అంత సన్నని బొమ్మ కాబట్టే టెలిఫోను తీగ మీద పట్టింది.

కమిటీ, రెండు టెండర్లు

ఇక మనకు బాగా అర్థమయ్యే ఘట్టం వస్తుంది. 1934లో బ్రిటిషు ప్రభుత్వం లార్డ్ సెల్స్‌డన్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 1935 జనవరిలో నివేదిక వచ్చింది. ఇక మీదట హై డెఫినిషను టెలివిజనే నడపాలి, అంటే కనీసం 240 గీతలు ఉండాలి అని దాని సారాంశం. ఈ హై డెఫినిషను అన్న మాట నిన్న మొన్నటిదని నేను అనుకొన్నాను. అది నాకంటే పెద్దది!

పోటీలో రెండు పద్ధతులు నిలిచాయి. బెయిర్డ్ కంపెనీది 240 గీతలు. మార్కోని-ఇ.ఎం.ఐ. వారిది 405 గీతలు. వారి వద్ద ఐజాక్ షోన్‌బర్గ్ నాయకత్వంలో పెద్ద బృందం పనిచేసింది. వారి కెమెరాలో తిరిగే పళ్ళెం లేదు. అంతా ఎలక్ట్రాన్ల పనే. ఇటువైపు బెయిర్డ్ కంపెనీ పగ్గాలు అప్పటికే ఇతరుల చేతుల్లోకి పోయాయి. వారి ప్రధాన పద్ధతిలో దృశ్యాన్ని ముందు ఫిల్ము తీసి, ఒక నిమిషం లోపున మందునీళ్ళలో కడిగి, తడి ఆరకుండానే చుక్కలుగా చదివి పంపేవారు. ఆ కెమెరాను నేలకు బిగించవలసిందే, అటూ ఇటూ కదపడానికి లేదు.

1936 నవంబరు 2న లండనులోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుండి బి.బి.సి. ప్రసారాలు ప్రారంభమైనాయి. రెండు పద్ధతులకూ వారం వారం వంతు. ఆ నెల 30వ తేదీ రాత్రి క్రిస్టల్ ప్యాలెస్ అనే మహాభవనం తగలబడింది. బెయిర్డ్ కంపెనీ ప్రయోగశాలలు ఉన్నది అందులోనే. సామగ్రి చాలా భాగం బూడిద అయింది. 1937 ఫిబ్రవరిలో ఆయన పద్ధతిని ఆపి 405 గీతల పద్ధతినే ఉంచుకొన్నారు.

ఇందులో అన్యాయం జరిగిందని నేను అనను. రెండు ఫైళ్ళు నా బల్ల మీదకు వచ్చి ఉంటే నేనూ 405 గీతలకే నోటు పెట్టేవాణ్ణి. బెయిర్డ్ పళ్ళేన్ని పట్టుకొని ఎక్కువకాలం ఉండిపోయాడు. లోకం ఎలక్ట్రాన్లలోకి దాటిపోయిన సంగతి కాస్త ఆలస్యంగా ఒప్పుకొన్నాడు. అయినా, దారి తొలిచినవాణ్ణి ప్రక్కకు జరగమన్న రోజు అది. అప్పటికి ఆయన వయస్సు నలభై ఎనిమిది.

ప్రక్కన పెట్టిన తర్వాత

నేను చెప్పదలచుకొన్న అసలు విషయం ఇక్కడి నుండే మొదలవుతుంది.

1939 సెప్టెంబరు 1న యుద్ధం కారణంగా బి.బి.సి. టెలివిజను మూతపడింది. బెయిర్డ్ పేరు మీది కంపెనీ అప్పులవాళ్ళ స్వాధీనమైంది. జీతం లేదు, కంపెనీ లేదు, చూసే జనం లేరు. భార్యాపిల్లలను బాంబులకు దూరంగా కార్న్‌వాల్ తీరానికి పంపి, తాను లండను శివారు సిడెన్‌హామ్‌లో కొద్దిమంది సహాయకులతో, ఎక్కువగా సొంత డబ్బుతో ప్రయోగాలు సాగించాడు. చుట్టూ బాంబులు పడుతున్నాయి. ఇంటి కప్పు, అద్దాలు దెబ్బతిన్నాయి. ఆరోగ్యం సంగతి చెప్పనక్కరలేదు.

ఆ ఇంట్లో ఆయన 600 గీతల రంగుల బొమ్మను సాధించాడు. లోతు కనిపించే బొమ్మను కూడా చూపించాడు. 1944 ఆగస్టు 16న టెలిక్రోమ్ అనే గొట్టాన్ని చూపించాడు. అందులో తిరిగే పళ్ళెం లేదు, రంగు అద్దాలు లేవు. రెండు ఎలక్ట్రాన్ ధారలు ఒక పలచని తెర రెండు వైపులా వేర్వేరు రంగులు వెలిగిస్తాయి. పూర్తిగా ఎలక్ట్రాన్లతో పనిచేసే రంగుల టీవీ గొట్టాన్ని లోకానికి చూపించడం అదే మొదలు. పళ్ళెం వదలలేదని లోకం ఎవరిని అన్నదో ఆ మనిషే దానిని వదిలి ఇంత ముందుకు నడిచాడు.

యుద్ధం తర్వాత టెలివిజను ఎలా ఉండాలన్న విషయమై ప్రభుత్వం 1943లో లార్డ్ హాంకీ అధ్యక్షతన మరొక కమిటీ వేసింది. బెయిర్డ్ దాని ముందు వెయ్యి గీతల రంగుల టెలివిజను పెట్టమని కోరాడు. తన పాత ప్రత్యర్థి పద్ధతికి రెండింతల పైన అడిగాడన్నమాట. కమిటీ 1945లో ఇచ్చిన నివేదికలో ముందు 405 గీతలతో మొదలుపెట్టి, ముందు ముందు వెయ్యి గీతల స్థాయికి పోవాలని వ్రాసింది. యుద్ధంలో చితికిన దేశంలో ఆ రెండో భాగం ఫైలులోనే ఉండిపోయింది. బ్రిటనులో రంగుల ప్రసారాలు 1967లో గాని రాలేదు. 405 గీతల ప్రసారాలు 1985 దాకా నడిచాయి.

1946 ఫిబ్రవరిలో బెయిర్డ్‌కు పక్షవాతం వచ్చింది. జూన్ 7న బి.బి.సి. టెలివిజను మళ్ళీ మొదలైంది. సరిగ్గా వారం తర్వాత, జూన్ 14న, బెక్స్‌హిల్ అనే సముద్రతీరపు ఊళ్ళో ఆయన నిద్రలోనే కన్నుమూశాడు. యాభై ఎనిమిదేళ్ళు నిండలేదు. మన కాలంలో పదవీ విరమణ చేసిన వయస్సే అనుకోండి. హెలెన్స్‌బరోలో తల్లిదండ్రుల ప్రక్కన సమాధి చేశారు.

గాజుపోగు కథ

ఆయన వదిలిన గాజు ఆలోచనను ఇతరులు అందుకొన్నారు. ఆ పేటెంటు దరఖాస్తు పెట్టిన 1926 అక్టోబరు నెలలోనే పంజాబులోని మోగాలో నరీందర్ సింగ్ కపానీ పుట్టాడు. ఆయన లండనులో ప్రొఫెసర్ హాప్కిన్స్ వద్ద పరిశోధన చేసి, 1954లో గాజుపోగుల కట్ట గుండా బొమ్మ వెళ్ళే తీరును లోకానికి ప్రకటించాడు. మన దేశం ఆయనకు మరణానంతరం 2021లో పద్మవిభూషణ్ ఇచ్చింది. 1966లో చార్లెస్ కావ్ అనే చైనా సంతతి ఇంజనీరు తన సహచరుడితో కలిసి, గాజులోని మలినాలు తీసివేస్తే వెలుతురు కిలోమీటర్ల కొద్దీ పోగలదని లెక్క కట్టి చెప్పాడు. కిలోమీటరు పోయిన తర్వాత నూటికి ఒక వంతు మిగిలినా చాలునన్నాడు. 1970లో అమెరికాలో అంతటి గాజు తయారైంది. నేటి గాజుపోగులో కిలోమీటరు పోయినా నూటికి తొంభై వంతుల పైనే మిగులుతుంది. కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన హాలులో జరిగినది కూడా ఇదే. కెమెరా బొమ్మను 1080 గీతలుగా, ఒక్కో గీతను 1920 చుక్కలుగా విడగొట్టి అంకెలు చేస్తుంది. ట్రాన్స్‌మిటరులోని బుల్లి లేసరు ఆ అంకెలను కంటికి కనిపించని వెలుతురు మిణుకులుగా మార్చి గాజులోకి పంపుతుంది. పోగులో వెలుతురు నడిచే నడిమి దారి మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు. రిసీవరు ఆ మిణుకులను మళ్ళీ కరెంటుగా మార్చి టీవీకి ఇస్తుంది. బెయిర్డ్ కట్టకు మాదిరిగా వేల పోగులు అక్కరలేదు. ఒక్క పోగులోనే చుక్కలన్నీ ఒకదాని వెనుక ఒకటి పరుగెత్తుతాయి.

గుమస్తా బుద్ధి కనుక లెక్క కూడా వేశాను. బెయిర్డ్ ముప్పై గీతల బొమ్మలో దాదాపు 2,100 చుక్కలు. సెకనుకు 26 వేల చిల్లర. ఇప్పటి బొమ్మలో 20 లక్షల 73 వేల చుక్కల పైన. సెకనుకు 25 బొమ్మల చొప్పున చూసినా 5 కోట్ల 18 లక్షలు. దాదాపు రెండువేల రెట్లు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలైనప్పుడు మనం చూసినది 625 గీతలు. వెయ్యి దాటిన గీతలు మన ఇళ్ళకు వచ్చింది ఈ శతాబ్దంలోనే. బెయిర్డ్ వాటిని 1943లో అడిగాడు.

జవాబు

ఇదంతా ఒక కాగితం మీద వ్రాసుకొని సూపరింటెండెంటు గారి ఇంటికి పోయి చదివి వినిపించాను. 1937లో ఆపివేసిన ఘట్టం దగ్గర ఆయన ఎడమ చెయ్యి ఎత్తి ఆగమన్నారు. కారణం నాకు తెలుసు. ఆయన సర్వీసులో ఉండగా రికార్డు రూములో పాత ఫైళ్ళు వెదకడానికి ఒక కొత్త పద్ధతి తయారుచేశారు. రెండేళ్ళు ఆదివారాలు కూడా కూర్చొని రిజిస్టర్లు వ్రాశారు. చివరకు పైవారు మరొక సెక్షను వారి పద్ధతిని ఖాయం చేశారు. ఆ రిజిస్టర్లకు తాడు కట్టి అటక మీద పెట్టింది నేనే. తర్వాత ఆయన ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. కొత్త పని దేనికీ చెయ్యి కూడా పెట్టలేదు. పెన్షను తీసుకొంటూ ఇరవై ఎనిమిదేళ్ళు అలాగే గడిపారు.

కాసేపటికి, ఆ తర్వాత ఆ మనిషి ఏం చేశాడో చదవమన్నారు. బాంబుల మధ్య ఇల్లు, రంగుల గొట్టం, వెయ్యి గీతలు, అన్నీ చదివాను. చివర పక్షవాతం సంగతి దాటవేద్దామనుకొన్నాను గాని, ఆయన ముందు కాగితం దాచడం అలవాటు లేక అదీ చదివాను. ఆయన ఏమీ అనలేదు. నేను లేచి వస్తుండగా, మన సంఘానికి వచ్చే కుటుంబ పెన్షను కాగితాలు ఎవరు చూస్తున్నారని అడిగారు. సరిగా చూసేవారు లేక తిరిగి వస్తున్నాయన్నాను. వాటిని తన దగ్గరకు పంపమన్నారు.

పోయిన నెలలో మూడు కేసులు పంపాను. భర్తలు పోయిన ముగ్గురు పెద్దమ్మలవి. వారం లోపల తిరిగి వచ్చాయి. ఎడమ చేతి వ్రాత కనుక అక్షరాలు వంకరగా ఉన్నాయి. నోటులో మాత్రం ఒక్క తప్పు లేదు. ఒక కేసులో పుట్టినతేదీ తేడా మా కంటికి ఆననిది ఆయన పట్టుకొన్నారు.

వచ్చే సమావేశానికి కూడా క్రింది గదిలో టీవీ ఏర్పాటు ఉంటుందని కార్యదర్శి గారు చెప్పారు. ఈసారి పెట్టెల మీద పంపేది, అందుకొనేది అని తెలుగులో పెద్ద అక్షరాలతో చీటీలు అంటించే బాధ్యత నేను తీసుకొన్నాను. మెట్లు ఎక్కలేనివారు దయచేసి ఇంటి దగ్గర ఉండిపోకండి. కుటుంబ పెన్షను కాగితాలు ఆగిపోయినవారు వాటిని వెంట తెచ్చుకోండి. చూసేవారు క్రింది గదిలోనే కూర్చొని ఉంటారు.

సెలవు.